పోలండ్ చెక్క బొమ్మకి పురుగు: రంగు ఊడకుండా చంపడం ఎలా?

క్రాకోవ్‌లో ఉంటున్నాం. ఇక్కడి పల్లెల్లో దారి పక్కన కప్లిచ్కాలని బుల్లి గుళ్లు ఉంటాయి. వాటిలో పెట్టే తరహా బొమ్మ ఒకటి పాత సామాన్ల సంతలో కొన్నాను. చెంపకు చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చున్న క్రీస్తు, అడుగున్నర ఎత్తు. లిండెన్ చెక్క, మెత్తన, ఉలికీ హాయే, పురుగుకీ హాయే. ముళ్ల కిరీటం దగ్గర పాత ఆయిల్ పెయింట్ పెచ్చులు లేస్తోంది.

వీపునా పీఠం అడుగునా 1–2 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నాలు. మే నెల నుంచి సన్న రవ్వలాంటి పొడి రాలుతోంది. సిరంజితో కన్నాల్లోకి పురుగుల మందు ఎక్కించాను. తర్వాత సంచిలో గాలి తీసి, మూతి కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పలేదు. పొడంతా దులిపి, కన్నాలకు మైనం పెట్టి, నల్ల కాగితం మీద నిలబెట్టాను. వారం తిరక్కుండానే మళ్లీ పొడి, పక్కనే కొత్త కన్నం.

పప్పుల్లా ఎండలో పెట్టమని అమ్మ అంటోంది గానీ, ఆ పెచ్చులు చూస్తే ధైర్యం చాలట్లేదు.

ఆక్సిజన్ పీల్చే పొట్లాలు వేసి గాలి చొరని సంచిలో మూసిపెట్టే పద్ధతి ఇంట్లో చేసినవారున్నారా, ఎన్ని వారాలు ఉంచితే లోపలి పురుగు పూర్తిగా చచ్చింది?