వందల గడుల కట్టడంలో రోబోల కొలత ఎందుకు తప్పిపోదు?

ప్రశ్న: నాసా ఏమ్స్ కేంద్రం ఆర్మడాస్ ప్రయోగంలో మూడు రోబోలు వంద గంటల పైచిలుకులో 256 వాక్సెళ్లు (ఒకే అచ్చు గడి ముక్కలు) బిగించి షెడ్డంత కట్టడం లేపాయి. బయటి నుంచి కొలిచే పరికరాలేవీ అక్కర్లేదట. అతుక్కి అర మిల్లీమీటరు తేడా వచ్చినా వంద అతుకులకు 5 సెంటీమీటర్లు పోవాలి కదా? పైగా కక్ష్యలో ఇది నడుస్తుందా?

జవాబు 1: తేడాలన్నీ ఒకే వైపు పోతేనే మీ 5 సెంటీమీటర్లు. అటూ ఇటూ పడుతుంటే వర్గమూలం లెక్కన 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గడికి నాలుగు పక్కలా పొరుగు గడులుంటే ఇంకా తగ్గుతుంది, అవి ఒకదాన్నొకటి సర్దుతాయి. అసలు భయం అచ్చుతోనే. వాక్సెళ్లను అచ్చులో పోస్తారు కాబట్టి అచ్చే తప్పయితే ప్రతి ముక్కా ఒకే వైపు తప్పుతుంది, అప్పుడు మీ లెక్కే నిజం.

రోబోకు చోటు తెలిసేది కూడా ఆ గడుల వల్లే. గొంగళిపురుగులా గడి మీద గడి పట్టుకుని నడుస్తుంది, అడుగులు లెక్కపెడితే చాలు. రెండు రోబోలు ముక్కను మోసుకొచ్చి అమరుస్తాయి, మూడోది లోపల పాకుతూ బోల్టులు బిగిస్తుంది. ఇలాంటి పనిలో బోల్టు దగ్గర చెడొచ్చు. బోల్టు మర అడ్డంగా పడితే తగినన్ని చుట్లు తిరగకముందే మోటారు కరెంటు పెరుగుతుంది. బలవంతపెట్టకుండా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

జవాబు 2: కక్ష్యలో మొదటి శత్రువు వేడి. భూమికి దగ్గరి కక్ష్యలో సుమారు 90 నిమిషాలకో చుట్టు, ఎండా నీడా మారుతూనే ఉంటాయి. 10 మీటర్ల అల్యూమినియం దూలం 100 డిగ్రీల తేడాకు 23 మిల్లీమీటర్లు సాగుతుంది, ఇక రంధ్రాలు ఎక్కడ కలుస్తాయి? కార్బన్ ఫైబర్ వాడేది అందుకే. అయినా వలయంలాంటి కట్టడంలో చివరి ముక్కే కష్టం. దాని పొరుగు బోల్టులు వదులుగా ఉంచి, అన్నీ కూర్చున్నాక బిగించాలి.

రెండోది, ఊగడం. చేయి కదిలితే కట్టడం ఎదురు కదులుతుంది. పొడవు పెరిగేకొద్దీ ఊపు నిదానంగా, ఎక్కువసేపు ఉంటుంది. మెల్లగా కదిలి, ఊపు ఆగాకే తర్వాతి అడుగు వేయాలి.

నడక కొత్తేమీ కాదు. అంతరిక్ష కేంద్రంలో 17.6 మీటర్ల రోబో చేయి కెనడార్మ్2 అలాగే కొస మార్చి కొస పట్టుకుంటుంది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లోని పోయెమ్-4 (రాకెట్ చివరి దశనే కక్ష్యలో ప్రయోగ వేదికగా మార్చింది) మీద ఇస్రో కూడా నడిచే చేయిని పంపింది. ముందు కాలు తాళం పడిందని సెన్సర్ చెప్పేదాకా వెనక కాలు వదలకూడదు.

ప్రశ్న అడిగినవారు: మధ్యలో ఒక వాక్సెల్ విరిగితే?

జవాబు 1: బోల్టులే కాబట్టి విప్పొచ్చు. కానీ లోపలిదైతే దారికి అడ్డొచ్చే ముక్కల్ని ముందు తీయాలి, అందుకే ముక్కలు విరిగాయేమో చూసే తనిఖీ ప్రతి పొర తర్వాత పెట్టండి.