కుక్క చాక్లెట్ తింటే ఇంట్లోనే వాంతి చేయించాలా, వద్దా?

బ్రూనో నాన్న:
మొన్న రాత్రి పదకొండింటికి మా బ్రూనో డార్క్ చాక్లెట్ తినేశాడు. వాడి బరువు 8 కిలోలు. సోఫా కింద చింపిన వెండి కాగితం, వాడి మూతికి గోధుమ రంగు మరక కనిపించాయి. 100 గ్రాముల బార్‌లో మిగిలిన ముక్కలన్నీ ఏరి వంటింటి తూకం మీద పెట్టి చూస్తే, కడుపులోకి వెళ్ళింది దాదాపు 60 గ్రాములని తేలింది.

ఆ పది నిమిషాల్లో ఇంట్లో తలో మాట. ఉప్పునీళ్ళు తాగిస్తే కక్కేస్తాడని మామయ్య. గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టాలని ఎక్కడో చదివానని మా ఆవిడ. నేను డాక్టర్‌కి ఫోన్ చేస్తే, "ఏమీ పట్టకండి, వెంటనే తీసుకొచ్చేయండి" అన్నారు. 25 నిమిషాల్లో చేరాం. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే పెద్ద ముద్దగా కక్కాడు, అందులో కాగితం ముక్క కూడా ఉంది. రాత్రంతా సెలైన్ పెట్టి గుండె కొట్టుకోవడం చూస్తూ ఉన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఇంట్లో వాదన మాత్రం ఇంకా తెగలేదు. "అదే హాస్పిటల్ రెండు గంటల దూరంలో ఉంటే ఏం చేసేవాడివి?" అని మామయ్య అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

లక్కీ వాళ్ళమ్మ:
వాడు బాగున్నందుకు సంతోషం అండి. కానీ నా ఉద్దేశంలో మనం అనవసరంగా టెన్షన్ పడుతున్నాం. మా లక్కీ లాబ్రడార్, 30 కిలోలు. పోయినేడు మా పాప చేతిలోని మిల్క్ చాక్లెట్ 40 గ్రాములు లాక్కుని మింగేసింది. డాక్టర్ దగ్గరికీ వెళ్ళలేదు, వాంతీ చేయించలేదు. ఆ పూట కాస్త విరేచనాలయ్యాయి, అంతే. చాక్లెట్ తిన్న ప్రతి కుక్కనీ పరుగున తీసుకెళ్ళి సూది పొడిపించడం దాన్ని భయపెట్టడమే కదా?

తోటలో మూడు కుక్కలు:
బ్రూనో నాన్న గారూ, మీ మామయ్య అడిగింది నా జీవితమే. మేముండేది తోటలో. దగ్గరి పశువుల డాక్టర్ దగ్గరికి గంటా ముప్పావు ప్రయాణం, వానాకాలంలో ఇంకా ఎక్కువ. రెండేళ్ళ కింద మా పెద్దది కోకో పొడి డబ్బా మూత కొరికి సగం నాకేసింది. ఫోన్‌లో డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం పెరాక్సైడ్ పట్టాను. పావుగంటలో కక్కింది. తర్వాత బండెక్కించాను. ఆ వాంతి కాకపోయి ఉంటే దారిలోనే ఫిట్స్ వచ్చేవేమో. "ఇంట్లో ఏమీ చేయొద్దు" అనే మాట హాస్పిటల్ పక్కనే ఉన్నవాళ్ళకి బాగుంటుంది.

పగ్‌తో పదేళ్ళు:
అన్నా, మీ బాధ అర్థమైంది. నా అనుభవం కూడా వినండి. మా పగ్ రెండు చాక్లెట్ బిస్కెట్లు తిన్నాడు. ఎవర్నీ అడక్కుండా ఇంట్లో ఉన్న పెరాక్సైడ్ నోట్లో పోశాను. వాడు తల విదిలించుకుంటూ ఉక్కిరిబిక్కిరి అయ్యాడు, ముక్కులోంచి తెల్లటి నురగ వచ్చింది. మరుసటి రోజుకి జ్వరం, రొప్పు. నురగ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చిందని చెప్పారు. తొమ్మిది రోజులు మందులు వాడాం. వాడు తిన్న ఆ రెండు బిస్కెట్లలో ఉన్న కోకో వాడికి ఏ హానీ చేసేది కాదట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

పశువైద్యుడిని, 22 ఏళ్ళుగా:
మీ ముగ్గురి అనుభవాలూ నిజమే, కానీ మీరు మాట్లాడుతున్నవి మూడు వేర్వేరు మోతాదుల గురించి. అందుకే ముందు లెక్క వేయాలి.

చాక్లెట్‌లో కుక్కకి విషమయ్యేది ప్రధానంగా థియోబ్రోమిన్, దానికి తోడు కాస్త కెఫీన్. మన ఒంట్లోంచి అది కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కుక్క రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. గ్రాము మిల్క్ చాక్లెట్‌లో సుమారు 2 మిల్లీగ్రాములు, మామూలు డార్క్‌లో 5, వంటకి వాడే తీపి లేని చాక్లెట్‌లో 14 నుంచి 16, కోకో పొడిలో 20కి పైనే ఉంటుంది. కుక్క బరువులో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు, దాహం, కుదురు లేకపోవడం మొదలవుతాయి. 40 నుంచి 50కి చేరితే గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్ రావచ్చు.

ఇప్పుడు లక్కీ సంగతి చూడండి. 40 గ్రాముల మిల్క్ చాక్లెట్ అంటే 80 మిల్లీగ్రాములు. 30 కిలోల ఒంటికి కిలోకి 3 కూడా పడలేదు. అమ్మా, మీరు చేసింది తప్పు కాదు, కానీ అది లక్కీ బరువు కాపాడింది. బ్రూనోకి 300 మిల్లీగ్రాములు, 8 కిలోలు. కిలోకి దాదాపు 38. కోకో శాతం ఎక్కువున్న బార్ అయితే ఇంకా పైకి పోతుంది. వాడిని అలా వదిలేసి ఉంటే తెల్లారేసరికి గుండె పరుగు పెట్టేది. లక్షణాలు చాలాసార్లు 6 నుంచి 12 గంటలకి గానీ బయటపడవు, అందుకే "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అన్న మాట నమ్మలేం.

ఉప్పునీళ్ళ గురించి ఒక్క మాటే. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. చాక్లెట్‌ నుంచి బయటపడే కుక్క ఉప్పు వల్ల చనిపోవచ్చు. గొంతులో వేలు పెట్టడం కూడా అంతే, గొంతుకి గాయం, మీకు కాటు.

లక్కీ వాళ్ళమ్మ:
డాక్టర్ గారూ, ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు. మరి కిలోకి 20 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చా?

పశువైద్యుడిని, 22 ఏళ్ళుగా:
థియోబ్రోమిన్ వరకూ చాలావరకు ఉండొచ్చు. గుండె జబ్బు ఉన్నవీ, ముసలివీ అయితే నేను అలా అనను. ఇంకా కొన్ని చూడాలి. షుగర్ ఫ్రీ చాక్లెట్‌లో చక్కెర బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలోనే రక్తంలో షుగర్ పడిపోవచ్చు, లివర్ దెబ్బతినొచ్చు. ఎండుద్రాక్ష ఉంటే కిడ్నీలకి ముప్పు. తెల్ల చాక్లెట్‌లో థియోబ్రోమిన్ దాదాపు ఉండదు గానీ, అందులోని కొవ్వుకి పాంక్రియాస్ వాచొచ్చు. అందుకే రేపర్ పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. కుక్క బరువు తెలియకపోతే దాన్ని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కి, అందులోంచి మీ బరువు తీసేయండి.

తోటలో మూడు కుక్కలు:
అసలు ప్రశ్నకి మీరింకా జవాబివ్వలేదు. దూరంగా ఉన్నవాడు ఏం చేయాలి? పెరాక్సైడ్ కొలత ఇక్కడ రాసిపెడితే ఫోన్ కలవని రాత్రి ఎవరికైనా పనికొస్తుంది కదా.

పశువైద్యుడిని, 22 ఏళ్ళుగా:
రాయను. కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను. కొలత చదివినవాళ్ళు కొలతే గుర్తుపెట్టుకుంటారు, ఎవరికి పట్టకూడదో మర్చిపోతారు. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి పట్టకూడదు. ఇప్పటికే వణుకుతున్నా, మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా పట్టకూడదు. పిల్లులకైతే అసలే వద్దు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా అది కడుపు లోపలి పొరని పుండు చేయగలదు. దవాఖానాలో వాంతి కోసం మేమిచ్చే అపోమార్ఫిన్ ఇంజెక్షన్‌తో ఆ పుండు బాధ ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోయినా చూసుకోవడానికి పక్కనే మనిషి ఉంటాడు.

మీ విషయంలో మీరు చేసింది సరైనదే. ఎందుకంటే మీరు ముందు ఫోన్ చేశారు. కోకో పొడి, ఎక్కువ మోతాదు, దూరం ఎక్కువ, కుక్క తెలివిలో ఉంది. ఆ నాలుగూ విని ఒక డాక్టర్ సరేనన్నారు. నేనున్నా అదే చెప్పేవాణ్ణి. చాక్లెట్ కడుపులో ముద్దలా అంటుకుని ఉంటుంది కాబట్టి, కొన్ని గంటలు ఆలస్యమైనా మా దగ్గర వాంతి చేయించడం పనికొస్తుంది. గంటా ముప్పావు ప్రయాణం చాలా సందర్భాల్లో చేయగలిగిన ప్రయాణమే. దీనికి విరుగుడు మందు లేదు. వాంతి, బొగ్గుపొడి మందు, సెలైన్, గుండెకీ ఫిట్స్‌కీ మందులు, అంతే ఉన్నాయి. మూత్రాశయంలోంచి కూడా థియోబ్రోమిన్ తిరిగి రక్తంలోకి చేరుతుంది, కాబట్టి ఆ రెండు రోజులూ మాటిమాటికీ మూత్రానికి తిప్పాలి.

బ్రూనో నాన్న:
ఆ రాత్రి వాణ్ణి గంటకోసారి బయటికి తీసుకెళ్తుంటే ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడర్థమైంది. మామయ్యకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఉప్పు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక కుక్కకి అలాగే పట్టారట, అది బతకలేదట. అప్పుడు తిన్నదే చంపిందనుకున్నారట.

పగ్‌తో పదేళ్ళు:
మామయ్యగారిని బాధపడొద్దని చెప్పండి. నేను కూడా ప్రేమతోనే పోశాను.

తోట అన్నా, మీ ఇంట్లో ఉన్న ఆ పెరాక్సైడ్ సీసా మీద ఎంత శాతం అని ఉందో ఒకసారి చూస్తారా? కుక్కలకి డాక్టర్లు చెప్పేది 3 శాతానిది మాత్రమే. జుట్టుకి రంగు వేసేవాళ్ళు వాడేది చాలా ఘాటు.

తోటలో మూడు కుక్కలు:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. 6 శాతం అని ఉంది. రెండేళ్ళ కింద పట్టిన సీసా ఎప్పుడో అయిపోయింది, ఇది మా తమ్ముడు గాయాల కోసం తెచ్చిపెట్టినది. ఇన్నాళ్ళూ ఇది ఉందన్న ధైర్యంతోనే ఉన్నాను. ఇప్పుడే దీన్ని కుక్కల అలమరలోంచి తీసి పక్కన పెట్టేశాను. డాక్టర్ ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఆ తలుపు మీద అంటించాను. డాక్టర్ గారూ, రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తే ఇంకో నంబర్ కనుక్కుని దాని కిందే రాస్తాను.