పాత సెస్నా 152: ఖాళీ బరువుకు ఏ కాగితాన్ని నమ్మాలి?

బేగంపేట విద్యార్థి:
నమస్కారం. సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానం మీద శిక్షణ పొందుతున్నాను. గరిష్ఠ బరువు 757 కిలోలు. చేతిపుస్తకంలో ఇచ్చిన ప్రామాణిక ఖాళీ బరువు దాదాపు 500 కిలోలు. మా విమానం వెయిట్ షెడ్యూల్‌లో, అంటే ఆ ఒక్క విమానం బరువు రాసి ఉంచే కాగితంలో, మాత్రం 529 అని ఉంది. నేనూ మా బోధకుడూ కలిపి 176 కిలోలు. పుస్తకం లెక్కన పెట్రోలు ట్యాంకులు నిండుగా పోసుకోవచ్చు, షెడ్యూల్ లెక్కన కుదరదు. ఒకే రకం విమానానికి 29 కిలోల తేడా ఎలా వస్తుంది? తోటివాళ్ళు పుస్తకం అంకెనే రాసుకుంటున్నారు.

బోయినపల్లి ఇంజినీరు:
బాబూ, నా మనవడి వయసు వాడివి కనుక నువ్వు అంటున్నాను. పుస్తకంలో ఉన్నది ఆ రకం విమానానికి తయారీదారు ఇచ్చిన ప్రామాణిక అంకె. అది నీ విమానం బరువు కాదు. షెడ్యూల్‌లోని 529 ఒక్కటే నీ విమానానిది.

757లోంచి 529 తీసెయ్యి, 228. మీ ఇద్దరినీ తీస్తే మిగిలేది 52 కిలోలు. లీటరు పెట్రోలు 0.72 కిలోలు కనుక 72 లీటర్లు. నిండు ట్యాంకుల్లో వాడుకోదగినది సుమారు 93 లీటర్లు, అంటే 67 కిలోలు. పుస్తకాన్ని నమ్మి నింపితే 15 కిలోలు ఎక్కువతో లేస్తావు.

ఇక తేడా ఎలా వస్తుందంటావా, 152ల తయారీ 1985లోనే ఆగిపోయింది. అన్నేళ్ళలో పాత రంగు గీకకుండానే మీద కొత్త రంగు వేస్తారు. రేడియోలు మారుస్తారు, రేకు అతుకులు వేస్తారు. ఒకసారి ఒక పాత విమానం పొట్ట కింది పలకలు నేనే విప్పాను. ఎప్పుడో తీసేసిన రేడియోల తీగలు కొసలు కోసి, టేపు చుట్టి, అలాగే వదిలేసి ఉన్నాయి. గోడల్లోని స్పాంజి పిండితే నీళ్ళు కారాయి. ఆ తీగలను కట్టగట్టి కాటా మీద పెడితే మూడు కిలోలు దాటింది! ఇవేవీ ఏ కాగితంలోనూ లేవు.

అందుకే ఆ 529 తూచి రాసిందా, పాత అంకెకు కూడికలు తీసివేతలు చేసి రాసిందా అని ముందు చూడు. తూచడమంటే గాలి తగలకుండా హ్యాంగర్ (విమానాల షెడ్డు) తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, పెట్రోలు వంపేసి, విమానాన్ని సమమట్టంగా నిలిపి, మూడు చక్రాల కిందా కాటాలు పెట్టాలి. ఇంజిన్ ఆయిల్ సంగతీ చూడు. కొన్ని పాత విమానాల కాగితాల్లో దాన్ని ఖాళీ బరువులో కలపరు. 152లో నిండా పోస్తే అదే దాదాపు 5 కిలోలు.

ఒక బోధకుడు:
పెద్దాయన చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,700 అడుగుల పైనే ఉంది. మేలో 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజిన్‌కూ రెక్కలకూ అది 5,000 అడుగుల ఎత్తుతో సమానం. బరువు 757 లోపల ఉన్నా విమానం పైకెక్కడం బాగా మందగిస్తుంది. ఉదయం ఆరింటికే వెళ్ళండి.

బేగంపేట విద్యార్థి:
ధన్యవాదాలండీ. ఈ రోజు షెడ్యూల్ తీసి చూశాను. తూచిన తేదీ ఉంది, ఆయిల్ కలిపారు. కానీ పరికరాల జాబితాలో ఏడీఎఫ్ (దిక్కు చూపే పాతకాలం రేడియో) ఉంది. విమానంలో చూస్తే దాని చోట ఖాళీ రేకు బిగించి ఉంది.

బోయినపల్లి ఇంజినీరు:
మంచి పని చేశావు. తూచిన తర్వాత తీసి, కాగితంలో రాయడం మరిచిపోయి ఉంటారు. బరువు కాస్త తగ్గినా, ముందున్న రేడియో పెట్టె పోయింది కనుక గురుత్వ కేంద్రం కొద్దిగా వెనక్కి జరిగి ఉంటుంది. ఆ పేజీ మీ నిర్వహణ ఇంజినీరుకు రేపే చూపించు. ఆయన సరిచేసి సంతకం పెట్టేదాకా తగ్గిన బరువును నీ అంతట నువ్వు లెక్కలోకి తీసుకోకు. 72 లీటర్లు దాటనివ్వకు. ట్యాంకులో ఎంత ఉందో గేజీని బట్టి కాదు, పుల్ల ముంచి చూడు.