రీసెట్ నొక్కాను, వైఫై కలుస్తోంది గానీ నెట్ రావట్లేదు. ఎవరైనా సాయం చేయండి

వడ్డేపల్లి టీచర్:
అందరికీ నమస్కారం. మాది హనుమకొండలో వడ్డేపల్లి. కింద మేముంటాం, పైన రెండు కుటుంబాలు కిరాయికి ఉంటాయి. వాళ్లు దిగిన కొత్తలో ఒక్కరోజు కోసం అడిగితే వైఫై పాస్‌వర్డ్ చెప్పాం. ఇప్పుడు వాళ్ల చుట్టాలకు కూడా అది నోటికొచ్చు. సాయంత్రం నా ఆన్‌లైన్ శిక్షణ క్లాసు పెట్టుకుంటే మాటిమాటికీ ఆగిపోతుంది. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ వదలడు. పాస్‌వర్డ్ మారుద్దామంటే రౌటర్ లోపలికి ఎలా వెళ్లాలో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే అన్నీ మొదటికొస్తాయని ఎవరో చెప్పారు, నొక్కాను. ఇప్పుడు వైఫై కలుస్తోంది, కింద 'ఇంటర్నెట్ లేదు' అని చూపిస్తోంది. రౌటర్ మీద భూగోళం బొమ్మ దగ్గర నారింజ లైటు. రేపు పొద్దున పదింటికి క్లాసు ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట నెట్‌వర్క్:
మేడం, ఏదీ పాడవలేదు, భయపడకండి. ఒక్కటి చెప్పండి. ఫైబర్ వైరు వచ్చే బాక్సు, రౌటర్ వేరువేరా? ఆ బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు ఉందా?

వడ్డేపల్లి టీచర్:
వేరువేరు అన్నా. ఎర్ర లైటు లేదు. పాన్ అని ఉన్న చోట ఆకుపచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది.

కాజీపేట నెట్‌వర్క్:
అయితే మీ ఇంటిదాకా లైను బాగుంది. ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని అర్థం. కోతులు వైరు తెంపినా, బీరువా వెనక వైరు గట్టిగా మడతపడినా అలా అవుతుంది. అప్పుడు సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు. మీకు పోయింది వైరు కాదు, రౌటర్‌లో రాసిపెట్టి ఉన్న పీపీపీఓఈ వివరాలు.

ఇది అందరికీ తికమక పెట్టే సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇంట్లో ఒక్క రౌటరే అయినా పాస్‌వర్డ్‌లు మూడు. ఫోన్ కలుపుకోవడానికి వాడేది వైఫై పాస్‌వర్డ్. రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లడానికి అడ్మిన్ పాస్‌వర్డ్. మూడోది, రౌటర్ తనంతట తాను నెట్ కంపెనీకి 'నేను ఫలానా కస్టమర్‌ని' అని చెప్పుకునే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్. మీరు మరిచిపోయింది రెండోది. రీసెట్ నొక్కితే మూడూ పోయాయి. మొదటి రెండింటికీ రౌటర్ అడుగున స్టిక్కర్ చూస్తే సరిపోతుంది, మూడోది మాత్రం కంపెనీ ఇవ్వాల్సిందే. కనెక్షన్ పెట్టిన రోజు వచ్చిన మెసేజ్‌లోనో, రసీదు మీదో ఉంటుంది. లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి. వ్లాన్ నంబరు (కంపెనీ తన లైన్లను వేరుచేసుకునే నంబరు) ఏమైనా పెట్టాలా అని అదే ఫోన్‌లో కనుక్కోండి.

అది చేతికొచ్చాక ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. వైఫైలో నెట్ లేదని ఫోన్ దానంతటదే డేటాలోకి వెళ్లిపోతుంది, రౌటర్ పేజీ తెరుచుకోదు. స్టిక్కర్ మీదున్న వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో పైన 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి. రెండూ రాకపోతే ఫోన్ వైఫై వివరాల్లో 'గేట్‌వే' పక్కన ఉన్న నంబరు కొట్టండి. లోపలికి వెళ్లాక ఇంటర్నెట్ లేదా వ్యాన్ అనే చోట కనెక్షన్ రకం అడుగుతుంది. రీసెట్ తర్వాత చాలా రౌటర్లలో డైనమిక్ ఐపీ అని ఉంటుంది, దాన్ని పీపీపీఓఈకి మార్చండి. వివరాలు కొట్టి సేవ్ చేయండి. ఎంటీయూ, డీఎన్ఎస్ లాంటివి ఎలా ఉన్నాయో అలాగే వదిలేయండి. రౌటర్ వాటిని తనే చూసుకుంటుంది.

వడ్డేపల్లి టీచర్:
రసీదు దొరికింది అన్నా, బాబు పాత పుస్తకాల మధ్య ఉంది. అంతా మీరు చెప్పినట్లే చేశాను. పేజీ తెరుచుకుంది, కొట్టాను, సేవ్ అయింది. కానీ స్టేటస్‌లో ఐపీ 0.0.0.0 అనే ఉంది, పక్కన 'ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అని వస్తోంది.

కాజీపేట నెట్‌వర్క్:
దగ్గరికొచ్చేశారు. ఐపీ అంటే నెట్‌లో రౌటర్‌కి కంపెనీ ఇచ్చే చిరునామా నంబరు, అది ఇంకా రాలేదు. రౌటర్ కంపెనీ దాకా వెళ్లింది, వాళ్లు పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదు, అంతే. రసీదు చేత్తో రాసిందా? చిన్న ఎల్ అక్షరం, 1 అంకె ఒకేలా కనిపిస్తాయి. ఓ అక్షరం, సున్నా కూడా అంతే. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పట్టించుకోండి. చివర ఖాళీ పడిందేమో చూడండి, ఫోన్ కీబోర్డు పదం నింపినప్పుడు వెనక ఒక ఖాళీ పెట్టేస్తుంది. కంటి బొమ్మ నొక్కి పాస్‌వర్డ్ కనిపించేలా పెట్టుకుని కొట్టండి.

ములుగు రోడ్డు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇదే ఇబ్బంది నాకు రౌటర్ కొత్తది కొన్నప్పుడు వచ్చింది. పేరు, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా కలవలేదు. కంపెనీ వాళ్లు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కనెక్షన్ ముడిపెట్టారు. ఫోన్ చేసి తీయించాక వచ్చింది.

కాజీపేట నెట్‌వర్క్:
నిజమే, అది కూడా ఉంటుంది. కానీ మేడం రౌటర్ మార్చలేదు కదా, పాతదే. మ్యాక్ కూడా పాతదే ఉంటుంది.

వడ్డేపల్లి టీచర్:
వచ్చింది అన్నా, వచ్చింది! పాస్‌వర్డ్‌లో మూడో అక్షరం 1 అనుకున్నాను, అది చిన్న ఎల్. కొట్టి సేవ్ చేయగానే నారింజ లైటు ఆకుపచ్చ అయింది. ఐపీ 100.72 తో మొదలవుతోంది. మీ రుణం తీర్చుకోలేను. ఇక పైవాళ్ల సంగతి, బాబు సంగతి చెప్పండి. పైవాళ్లకి పూర్తిగా ఆపేయడం నాకిష్టం లేదు, వాళ్ల పాప కూడా చదువుకుంటోంది.

కాజీపేట నెట్‌వర్క్:
చాలా సంతోషం. మీరు ఆపక్కర్లేదు. గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, అది ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి పైవాళ్లకి అదే ఇవ్వండి. వాళ్లకి నెట్ వస్తుంది, మీ ఇంట్లో కంప్యూటర్, ప్రింటర్ మాత్రం కనిపించవు. కొన్ని రౌటర్లలో గెస్ట్‌కి వేగం ఇంతే అని పెట్టొచ్చు, ఉంటే పెట్టండి, మీ క్లాసు ఆగదు. ఆరు నెలలకోసారి ఆ పాస్‌వర్డ్ మార్చినా మీ ఇంట్లో ఒక్క ఫోన్ కూడా మళ్లీ కలపక్కర్లేదు. ఒక్కో ఫోన్‌ని వెతికి బ్లాక్ చేయడం కంటే నాకైతే ఇదే మేలనిపిస్తుంది, మనుషుల మధ్య మాట కూడా పోదు.

మీ సొంత వైఫైకి సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టి, పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు ఉంచండి. ఫోన్ నంబరు, బాబు పేరు వద్దు. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇవాళే మార్చండి, ఇది మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. స్టిక్కర్ మీదది అలాగే ఉంటే వైఫైలోకి వచ్చిన ఎవరైనా సెట్టింగులు మార్చేయొచ్చు. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్, బయటి నుంచి సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ రెండూ ఆఫ్‌లో పెట్టండి.

బాబుకి పేరెంటల్ కంట్రోల్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఆపొచ్చు. దానికంటే ముందు రౌటర్ గడియారం చూడండి. రీసెట్ తర్వాత టైమ్ జోన్ మారిపోయి ఉంటుంది, జీఎంటీ +5:30 పెట్టాలి. లేకపోతే మీరు రాత్రికి పెట్టింది పగలు చదువుకునే వేళ ఆగుతుంది.

ములుగు రోడ్డు:
ఇంకొకటి మేడం. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ కాకుండా ఏదో ఒక నంబరు చూపిస్తాయి. రౌటర్ ఫోన్‌ని ఆ నంబరుతోనే గుర్తుపడుతుంది. ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, వైఫై పేరు మార్చినా ఆ నంబరు మారిపోవచ్చు, అప్పుడు మీరు పెట్టిన టైము దానికి వర్తించదు. ఫోన్‌లో ఆ వైఫై పేరు నొక్కితే ప్రైవసీ అని ఉంటుంది, అందులో 'ఫోన్ మ్యాక్' ఎంచుకోండి. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ప్రైవేట్ అడ్రస్ అని ఇలాంటిదే ఉంది.

కాజీపేట నెట్‌వర్క్:
మంచి మాట చెప్పారు. బాబు సిమ్ డేటా మాత్రం రౌటర్ చేతిలో ఉండదు మేడం, అది మీరు తనతో మాట్లాడుకోవాల్సిందే. ఐపీ 100.72 అన్నారు, ఇంట్లో వాడకానికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ చాలామందికి పంచుతోందని అర్థం. రౌటర్‌లో పోర్టు (బయటివాళ్లు లోపలికి రావడానికి దారి) తెరిచి బయటి నుంచి సీసీ కెమెరా చూడాలంటే మాత్రం కుదరదు, కెమెరా కంపెనీ యాప్‌లో చూసుకోవాలి. అన్నీ అయ్యాక బ్యాకప్ అని ఉంటుంది, ఆ ఫైలు ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. మళ్లీ రీసెట్ చేయాల్సి వస్తే అదే రౌటర్‌లో రీస్టోర్ నొక్కితే చాలు.

వడ్డేపల్లి టీచర్:
క్లాసు చక్కగా అయింది, ఒక్కసారి కూడా ఆగలేదు. పైవాళ్లకి గెస్ట్ ఇచ్చాను, బాబుతో కూర్చుని తన ముందే టైము పెట్టాను, వాడే 11 కాదు 11:30 అని అడిగాడు, సరేనన్నాను. మూడు పాస్‌వర్డ్‌లూ స్పష్టంగా కనిపించేలా కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను, చిన్న ఎల్ దగ్గర పక్కన 'లక్ష్మిలో ఎల్' అని కూడా రాశాను. ఒక్కటే మిగిలింది, ప్రింటర్ నా ల్యాప్‌టాప్‌లో కనిపించట్లేదు.

కాజీపేట నెట్‌వర్క్:
ప్రింటర్‌ని పొరపాటున గెస్ట్‌కి కలిపి ఉంటారు మేడం. దాని వైఫై సెట్టింగులో మీ ఇంటి వైఫై పేరు ఎంచుకోండి. మీ వైఫైకి 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లుండి, అందులో 5 కనిపించకపోతే 2.4కి కలపండి, చాలా ప్రింటర్లు దానికే కలుస్తాయి.

వడ్డేపల్లి టీచర్:
గెస్ట్‌కే ఉంది అన్నా. మార్చాను, పేజీ వచ్చింది.