కొప్పర్తిలో వెండి పేస్టు యూనిట్: మనకు అసలు పోటీ ఎవరు?

కొప్పర్తి వాసి:
మెంబ్రేన్ కీప్యాడ్‌లలో (పలుచటి ప్లాస్టిక్ షీటు మీటల పలకలలో) కరెంటు పోయే గీతలుగా అచ్చువేసే వెండి పేస్టును కడప పక్కనే ఉన్న కొప్పర్తి పారిశ్రామిక వాడలో తయారుచేయాలని నేనూ ఇద్దరు మిత్రులూ ఆలోచిస్తున్నాము. బ్యాంకువారు పోటీదారుల వివరాలు అడిగారు. విదేశీ కంపెనీలైన హెన్కెల్, హెరేయస్ పేర్లు రాశాను. ఇంకెవరిని లెక్కలోకి తీసుకోవాలి?

అనంత లోహం:
మీ జాబితాలో కంపెనీలు ఉన్నాయి, పదార్థం లేదు. మీకు అసలు పోటీ రాగి. వెండి నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 1.59 మైక్రో ఓమ్ సెంటీమీటర్లయితే రాగిది 1.68. ఆ ఆరు శాతం కోసం అన్ని రెట్ల ధర ఎంతకాలం పెడతారు? రాగి సిలికాన్‌లోకి చొచ్చుకుపోతుందని చిప్‌ల తయారీదారులు ఏళ్ల తరబడి భయపడ్డారు. అడ్డుపొర వేసి ఆ చిక్కును దాటవచ్చని 1997లో ఐబీఎం ప్రకటించింది.

కర్నూలు ప్రింటర్:
చిప్ సంగతి వేరు, మా స్క్రీన్ ప్రింటింగ్ బల్ల సంగతి వేరు. పొడి రూపంలోని రాగి గాలి తగిలితే ఆక్సైడ్ అవుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. వెండితోనే పడుతున్న బాధ చాలదా? ఒక డీలరు గడువు దగ్గరపడిన డబ్బా అంటగట్టాడు. మూత తీస్తే జిగురు పైకి తేలి, వెండి రేకులు అడుగున గడ్డకట్టి ఉన్నాయి. ఎంత కలిపినా షీటుకు ఈ కొసన ఒక రీడింగు, ఆ కొసన మరొకటి. వాపసు అడిగితే ఫోను ఎత్తలేదు.

అనంత లోహం:
మీ డబ్బా కథతో ఆరు శాతం మారదు. రాగి కణాలకు వెండి పూత పూసిన పేస్టులు ఇప్పటికే ఉన్నాయి.

కొప్పర్తి వాసి:
ఆ అంకెలు గట్టి లోహానివి. పేస్టులో వెండి రేకులు రెసిన్ అనే జిగురు మధ్య ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి గనుక, సుమారు 120 నుంచి 150 డిగ్రీల వద్ద ఆరబెట్టిన గీత నిరోధకత గట్టి వెండి కంటే సాధారణంగా పది రెట్లకు పైనే ఉంటుంది. అక్కడ రేకు ఆకారానిదీ రెసిన్‌దీ పెత్తనం. మీ ఆరు శాతం కనబడను కూడా కనబడదు.

చూసేవాడు:
అడిగింది బ్యాంకు నివేదిక గురించి. మీరంతా ఆరు శాతం దగ్గరే కూర్చున్నారు.

కర్నూలు ప్రింటర్:
లోహం గారూ, సూటిగా అడుగుతున్నాను. మీరు దిగుమతి పేస్టుల వ్యాపారి కాదా? ఇక్కడ ఎవరైనా తయారీ అనగానే మీకు రాగి గుర్తుకొస్తుంది.

అనంత లోహం:
అవును, అమ్ముతాను. అందులో తప్పేముంది? సోలార్ పలకల వెండి పేస్టులలో పేరుమోసిన అమెరికా కంపెనీ డ్యూపాంటే తన సోలామెట్ పేస్టుల వ్యాపారాన్ని 2021లో చైనా కంపెనీకి అమ్మేసింది. అంతటివారు వదులుకున్న రంగంలోకి ఇల్లు తాకట్టు పెట్టి దిగుతామంటే నోరు మూసుకోవాలా? పెద్ద ఫ్యాక్టరీలో పేస్టు మార్చాలంటే వంపు, తేమ, వేడి పరీక్షలన్నీ మళ్లీ చేయాలి; రూపాయి తగ్గించినంత మాత్రాన ఎవరూ మారరు. ఇక చిన్నవారికి నేను రెండు నెలల అరువు ఇస్తాను. మీరు వెండిని రొక్కానికి కొనాలి. అలాంటి అరువు ఇవ్వగలరా?

కొప్పర్తి వాసి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే రాగి దగ్గర ఇంతసేపు తిరిగేవాళ్లం కాదు. నివేదికలో విదేశీ కంపెనీల కంటే ముందు అరువిచ్చే డీలర్లను రాస్తాను. ప్రింటర్ గారూ, తాజా సరుకు కడపలో సాయంత్రం బస్సుకు వేస్తే మీకు తెల్లారేసరికి అందుతుంది. రొక్కం ఇస్తారా?

కర్నూలు ప్రింటర్:
సగం ఇస్తాను. మిగతా సగం, ప్రతి డబ్బాకూ రీడింగు ఒకేలా వచ్చిందని చూసుకున్నాకే.

అనంత లోహం:
ఆ మిగతా సగంతోనే ఆయన తర్వాతి విడతకు వెండి కొనాలండీ.