'చూనిబ్యో' అనే జపనీస్ యానిమే సిరీస్ చూసినవాళ్లకి: యూతా నిజంగా మారాడా, స్కూలు మాత్రమే మార్చాడా? (స్పాయిలర్లు ఉన్నాయి)

పాత_నోట్‌బుక్:

నిన్న రాత్రి 'చూనిబ్యో డెమో కోయి గా షితాయ్' మొదటి సీజన్ రెండోసారి పూర్తిచేశాను. 2012లో క్యోటో యానిమేషన్ వాళ్లు తీసింది, 12 ఎపిసోడ్లు. మొదటిసారి పడీ పడీ నవ్వాను. ఈసారి పది నిమిషాలు కాకుండానే దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఎందుకో చెప్పక తప్పదు. ఎనిమిదో తరగతిలో నాకూ ఒక రహస్య నామం ఉండేది. అదేంటో చచ్చినా ఇక్కడ రాయను. ఎడమ మణికట్టుకి గుడ్డపీలిక చుట్టుకుని, 'ఇది విప్పితే ఏం జరుగుతుందో నాకే తెలీదు' అని పక్క బెంచీ వాడితో అన్నాను. వాడు విప్పేశాడు. కింద గజ్జి ఉందేమోనని అనుకున్నాడట.

అందుకే తొగాషి యూతా ఆ నల్ల కోటునీ కత్తినీ అట్టపెట్టెలో కుక్కేస్తుంటే నాకు చెమటలు పట్టాయి. మిడిల్ స్కూల్లో తను మంత్రశక్తులున్న 'డార్క్ ఫ్లేమ్ మాస్టర్'నని చెప్పుకు తిరిగినవాడు, తెలిసిన మొహం ఒక్కటీ ఎదురుపడకూడదని దూరంగా ఉన్న హైస్కూల్లో చేరతాడు. ఇంతలో పై అంతస్తు నుంచి తాడు పట్టుకుని, అదే పిచ్చి ఉన్న రిక్కా అనే పిల్ల వాడి బాల్కనీలోకి దిగుతుంది. కుడి కంటికి ఐప్యాచ్, దాని వెనక బంగారు రంగు లెన్సు. అక్కడితో వీడి పని అయిపోయింది.

నా సందేహం ఇదీ. చివరి ఎపిసోడ్‌లో వీడు మళ్లీ డార్క్ ఫ్లేమ్ మాస్టర్ అయ్యే రిక్కా దగ్గరికి వెళ్తాడు కదా. మరి ఆ పిచ్చి నుంచి బయటపడ్డట్టా, లేనట్టా?

కునుకు_క్లబ్బు:

స్కూలు మార్చాడంతే. జవాబు అయిపోయింది. ఇప్పుడు ఆ రహస్య నామం చెప్పు బ్రో.

గొడుగే_ఆయుధం:

పైవాడి మాట పట్టించుకోకండి.

ముందు ఆ మాట సంగతి. చూనిబ్యో అంటే మిడిల్ స్కూల్ రెండో ఏడాది జబ్బు, అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి. 1999లో ఇజూయిన్ హికారు అనే హాస్యనటుడు తన రేడియో షోలో వాడాక జనంలోకి వచ్చింది. అప్పట్లో దానికి మంత్రశక్తులే ఉండక్కర్లేదు. నోటికి చేదుగా ఉన్నా బ్లాక్ కాఫీ తాగడం, ఉన్నట్టుండి విదేశీ పాటలు తప్ప వినననడం లాంటివి కూడా ఇందులోకే వచ్చేవి. పెద్దవాళ్లలా కనబడాలనే తాపత్రయం అన్నమాట. ఐప్యాచ్‌లూ శాపగ్రస్తమైన చేతులూ తర్వాత బాగా అంటుకున్నాయి.

ఆ లెక్కన మొదటి ఎపిసోడ్‌లో యూతాకి జబ్బు తగ్గలేదు, లక్షణం మారింది. నిన్న డార్క్ ఫ్లేమ్ మాస్టర్ వేషం, ఇవాళ 'మామూలు కుర్రాడి' వేషం. ఎవరైనా చూస్తున్నారేమోనన్న బెంగ మటుకు అదే.

నిబుతానిని చూడండి, ఇంకా బాగా అర్థమవుతుంది. యూతా క్లాస్ రిప్రజెంటేటివ్, అందరికీ నచ్చే పిల్ల. ఒకప్పుడు 'మోరి సమ్మర్' పేరుతో పేజీలకి పేజీలు జ్ఞానబోధ రాసుకుంది. ఆ రాతలు ఇప్పుడు రిక్కా వెంట తిరిగే దెకొమోరి చేతిలో ఉన్నాయి. వాటిని లాక్కోడానికి పరువు చంపుకుని 'మోరి సమ్మర్‌ని నేనే' అని ఒప్పుకుంటే, దెకొమోరి నమ్మదు! నువ్వు నకిలీదానివి పొమ్మంటుంది. ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దాచి దాచి చివరికి బయటపెడితే, నువ్వు కాదు పొమ్మన్నారు.

యూతా నాకు నచ్చనిది ఒక్క చోటే, రిక్కాతో ఐప్యాచ్ తీయించినప్పుడు. వాడికి ఆ వేషం షోకు. ఆ పిల్లకి అలా కాదు. తండ్రి జబ్బు సంగతి ఇంట్లోవాళ్లు చెప్పలేదు, ఉన్నట్టుండి ఆయన పోయాడు. తర్వాత వెళ్లి చూస్తే పాత ఇల్లు ఉన్నచోట ఖాళీ స్థలం. 'అదృశ్య సరిహద్దు రేఖ' దాటితే నాన్న ఉంటాడని ఆ పిల్ల నమ్మకం. తన సిగ్గుతో ఆమె దుఃఖాన్ని కొలిచాడు వీడు. చివర్లో రాత్రిపూట సైకిల్ మీద సముద్రం దగ్గరికి తీసుకెళ్లి నాన్నకి వీడ్కోలు చెప్పించినప్పుడే, ఎవరేమనుకుంటారో అన్నది వాడి బుర్రలోంచి పోయింది. ఎదిగాడంటే నా దృష్టిలో అక్కడే. ఆ పేరుతోనే ఎదిగాడు.

సీజన్_రెండు_అభిమాని:

అక్కా, సీన్ బాగానే చెప్పారు కానీ ఎదిగాడంటే ఒప్పుకోను. 2014లో వచ్చిన రెండో సీజన్‌లో షిచిమియా సతోనె దిగుతుంది కదా. మిడిల్ స్కూల్లో యూతాకి ఈ పిచ్చి అంటించిందే ఆమె. బాల్కనీలోంచి యూతా వేషాలు చూసి రిక్కా అంటించుకుంది. సతోనె నుంచి యూతాకి, యూతా నుంచి రిక్కాకి, వరసగా జలుబులా పాకింది. ఇక ఒక్కడే బయటపడ్డం ఏమిటి? పైగా ప్రేమ బాధ తట్టుకోడానికి సతోనె మళ్లీ ఆ వేషాన్నే ఎంచుకుంటుంది. వదిలేయడమే ఎదగడమైతే ఆ పిల్ల ఫెయిలైనట్టే. నాకు మాత్రం ఆ సీజన్‌లో అందరికంటే గట్టి మనిషి ఆమే.

గొడుగే_ఆయుధం:

సతోనె విషయంలో ఓడిపోయాను తమ్ముడూ. రెండో సీజన్‌లో మిగతాది సాగదీశారని మాత్రం అంటాను.

పాత_నోట్‌బుక్:

ఇద్దరికీ థాంక్స్. 'లక్షణం మారింది' అన్నది చదివాక కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను. గుడ్డపీలిక విప్పించుకున్న మర్నాటి నుంచి నేను క్రికెట్ స్కోర్లు బట్టీపట్టాను. ఆటంటే ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. అందరూ మాట్లాడుకుంటున్నారని పట్టాను, అంతే.

ఆ పక్క బెంచీ వాడికి ఇందాకే మెసేజ్ పెట్టాను, 'ఎనిమిదో తరగతిలో నా చేతికి గుడ్డ గుర్తుందా' అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. వేరే మాటేమీ లేదు, నా రహస్య నామం ఒక్కటే. ఒత్తులూ దీర్ఘాలూ పొల్లుపోకుండా.

కునుకు_క్లబ్బు:

ఆ ఫ్రెండ్ నంబర్ కావాలి.