మనుషులు తమలాంటివారితోనే ఎందుకు చేరతారు?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
మా అపార్టుమెంటులో సాయంత్రం నడకకు దిగే పెద్దలలో విశ్రాంత ఉపాధ్యాయులు ఒకవైపు, మిర్చి వ్యాపారులు మరొకవైపు, పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఇంకొకవైపు కూర్చుంటారు. ఎవరి మధ్యా తగాదా లేదు, ఎవరూ ఎవరినీ రావద్దనలేదు. ఇది మనిషి స్వభావమా, మన కులవ్యవస్థ నేర్పిన అలవాటా?

సమాధానం (పటమట, విజయవాడ)
కులం లేని సమాజాలలోనూ ఇది ఉంది. లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1954లోనే స్నేహితుల మధ్య హోదాలో పోలికను, విలువలలో పోలికను వేరుచేసి చూపారు. అమెరికాలో స్నేహాలను అన్నిటికంటే బలంగా విడదీసేది జాతి అనీ, వయస్సు, మతం, చదువు, వృత్తి ఆ తరువాత వస్తాయనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. అయితే ఇష్టం కంటే ముందు అవకాశాన్ని చూడాలి. మీ ఉపాధ్యాయులు ముప్పై ఏళ్లపాటు అవే బడులలో, అవే శిక్షణ తరగతులలో, అదే సంఘం సమావేశాలలో కలిసినవారు. వారి స్నేహం మీ ప్రాంగణంలో పుట్టింది కాదు.

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ)
ఇలా విడిపోవడానికి విద్వేషం అవసరమే లేదని అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన నమూనా చెబుతుంది. గళ్ల పలకపై రెండు వర్గాల మనుషులకు గుర్తుగా రెండు రకాల నాణేలు పరచి, చుట్టూ ఉన్నవాటిలో మూడోవంతు తనలాంటివైతే చాలని ప్రతి నాణెమూ తృప్తిపడినా, తృప్తిలేనివి జరుగుతూ పోగా చివరికి పలక రెండు రకాల పేటలుగా చీలిపోతుంది.

సమాధానం (అరండల్‌పేట, గుంటూరు)
ఆ నమూనా మీద నాకు గౌరవముంది కానీ, దానిని మన ఊళ్లకు యథాతథంగా అన్వయించడం అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ ఏ నాణెమైనా ఏ ఖాళీ గడిలోకైనా వెళ్లవచ్చు. ఇక్కడ అద్దె ఇంటికోసం ఫోన్ చేస్తే, అద్దె ఎంతో చెప్పకముందే ఇంటిపేరు అడుగుతారు. ఎందుకు అడిగారో ఇద్దరికీ తెలుసు. ఊరికి ఎడంగా దళితవాడను ఉంచింది చిన్నపాటి ఇష్టాలు కావు, బలవంతం. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలోనూ కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. ఎంచుకుని చేరడానికీ, వేరే చోటు దొరకక చేరడానికీ ఒకే సూత్రం చెప్పలేము.

ప్రశ్న అడిగినవారు
అరండల్‌పేట వారు చెప్పిన భేదం నేను ఆలోచించనిది. మా ప్రాంగణం వరకు పటమట వారి మాటే సరిపోతుందనుకుంటున్నాను. వ్యాపారుల పక్కన కూర్చుంటే వారు ఆదరంగానే పలకరిస్తారు, కానీ యార్డు ధరలు, కోల్డ్ స్టోరేజీ నిల్వల సంగతులు మొదలయ్యాక నాకు కలిపే మాట ఉండదు.